ఇన్ని సైటేషన్లు ఎవరి ఖాతాలోవి?

ఏటా ఒకసారి మన పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్త వస్తుంది: ఫలానా యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు ప్రపంచంలోని టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు. పక్కనే శాలువా కప్పుతున్న ఫొటో. స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ ఐయోనిడిస్ బృందం చేసే లెక్కల్లోంచి వచ్చే జాబితా అది. ఆ లెక్కలకు ముడిసరుకు సైటేషన్లు, అంటే ఒకరి పేపర్‌ను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న సంఖ్య. చిన్న చిన్న బృందాలు పనిచేసే రంగాల్లో ఈ అంకెలో మనిషి ఎంతో కొంత కనిపిస్తాడు. గామా కిరణాల ఖగోళశాస్త్రానికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది. పీహెచ్‌డీ అయి పదేళ్లు కూడా కాని పరిశోధకుడి ప్రొఫైల్‌లో వందకు పైగా పేపర్లు, పది వేలు దాటిన సైటేషన్లు ఉండటం అక్కడ వింతేమీ కాదు. అదే రంగంలో ఒంటరిగా కూర్చుని మంచి సిద్ధాంతం రాసుకున్న మనిషికి అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

అంకెలో అబద్ధం ఏమీ లేదు. అయితే అది దేన్ని లెక్కపెడుతోందన్నదే అసలు సంగతి.

మొదట ఈ పేపర్లు ఎలా పుడతాయో చూడాలి. గామా కిరణాలంటే కాంతిలోకెల్లా అత్యధిక శక్తి గలవి. వాటిని మామూలు అద్దంతో, లెన్సుతో ఒకచోటికి చేర్చడం కుదరదు. పైగా భూమి వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. అందుకే పట్టుకునే దారులు రెండే. ఒకటి, డిటెక్టర్‌ను ఉపగ్రహంలో పెట్టి పైకి పంపడం. రెండోది, అత్యధిక శక్తి ఉన్న గామా కిరణం వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాల జల్లును, ఆ జల్లు వెదజల్లే చెరెన్‌కోవ్ కాంతిని నేల మీద నుంచి పట్టుకోవడం. ఆ నీలి మెరుపు సెకనులో కొన్ని వందకోట్ల వంతుల సేపే ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా యంత్రం పెద్దది, ఖర్చు పెద్దది, కాబట్టి మనుషులూ ఎక్కువమందే కావాలి.

మొదట్లో ఇలా లేదు. అణు పరీక్షలపై నిఘాకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాల సమాచారంలో అంతరిక్షం నుంచి వచ్చిన గామా విస్ఫోటాలు బయటపడ్డాయి. 1973లో ఆ సంగతి ప్రకటించిన పేపర్ మీద ఉన్నవి మూడే పేర్లు: క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఆల్సన్. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంఘటన చూడండి. గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకు ఫెర్మీ ఉపగ్రహం గామా మెరుపును పట్టుకుంది. ఆ సంఘటనపై డెబ్బై దాకా బృందాల పరిశీలనలన్నీ కలిపి అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పేపర్‌కు రచయితలు 3,500 మందికి పైనే. ఆ పేపర్‌కు వచ్చిన ప్రతి సైటేషన్ వాళ్లందరి ఖాతాలోనూ ఒక్కొక్కటిగా పడుతుంది. డేటాబేస్ దృష్టిలో అందరూ సమానమే.

ఇక పేర్ల వరుస. మన శుభలేఖల్లో ఎవరి పేరు ముందుండాలనే దాని మీద ఇళ్లలో ఎంత టెన్షన్ పడతారో, పెద్ద బృందాల్లో రచయితల వరుస మీద అంతకు తక్కువేమీ కాదు. దానికి వాళ్లు కనిపెట్టిన మందు అక్షరక్రమం. 2008 జూన్ 11న నింగికెగసిన ఫెర్మీ ఉపగ్రహంలోని ప్రధాన పరికరం పేరు లాట్. ఆ బృందం పేపర్ల మీద తొలి పేర్లు అబ్దో, అబ్దొల్లాహి, అసేరో, అకెర్‌మన్, అజెల్లో. ఇంటిపేరు ఇంగ్లిష్‌లో 'ఏ'తో మొదలవడం ఈ రంగంలో ఒక రకమైన అదృష్టం. నమీబియాలోని హెస్ టెలిస్కోపుల పేపర్లను లోకం ఏళ్ల తరబడి 'అహరోనియన్ తదితరులు' అని ప్రస్తావించింది. ఫెలిక్స్ అహరోనియన్ సిద్ధాంతకర్త. టెలిస్కోప్ పేపర్లలో ఆయన పేరు ముందుకు వచ్చింది అక్షరం వల్ల. తమాషా ఏమిటంటే, ఆ అక్షరం సాయం అక్కర్లేని పేపర్లు కూడా ఆయనకు ఉన్నాయి. 2006లో కెల్నర్, బుగయోవ్‌లతో కలిసి, ప్రోటాన్లు ఢీకొంటే ఎంత శక్తి గల గామా కిరణాలు, న్యూట్రినోలు పుడతాయో సూత్రాలుగా ఇచ్చారు. సూపర్‌నోవా అవశేషాల, అంటే పేలిపోయిన నక్షత్రాల శకలాల మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ సూత్రాలు వాడుతున్నారు. ప్రొఫైల్‌లో ఈ రెండు రకాల సైటేషన్లూ కలిసిపోయి ఒకే మొత్తంగా కనిపిస్తాయి.

వరుస తప్పినచోట ఆగి చూడాలి. ఫెర్మీ లాట్ పరికరం గురించిన 2009 పేపర్‌లో అక్షరక్రమాన్ని పక్కనపెట్టి ముందు నిలబెట్టిన పేరు అట్‌వుడ్‌ది. ఆ పరికరం నమూనాకు మూలమైన ఆలోచన చేసిన శాస్త్రవేత్త ఆయన. రెండో లాట్ కేటలాగ్ 2012లో వచ్చింది, 1,873 గామా మూలాలతో. అందులో మొదటి పేరు నోలన్. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన పాట్రిక్ నోలన్ 2011 నవంబరులో కన్నుమూశారు. కేటలాగ్ అచ్చయ్యేటప్పటికి ఆయన లేరు. సహచరులు ఆయన పేరును ముందు పెట్టి, ఆ తర్వాత అబ్దో నుంచి మామూలు వరుస మొదలుపెట్టారు. చైనాలోని లాసో అనే గామా పరిశోధన కేంద్రం బృందం పద్ధతి ఇంకొకటి: నాయకుడు కావ్ ఝెన్ పేరు ముందు, తర్వాత అక్షరక్రమం. అంటే 'మొదటి రచయిత' అన్న మాటకు ఒకచోట నాయకుడని అర్థం, ఒకచోట ఆలోచన ఇచ్చినవాడని, ఒకచోట మనల్ని వదిలి వెళ్లినవాడని, ఎక్కువచోట్ల 'ఏ' అక్షరమని.

పేర్ల సంగతి సరే, అసలు ఒక పేపర్‌ను ప్రస్తావించేది ఎందుకు? ఇక్కడే లోతు ఉంది. మార్కేరియన్ 421 అనే గెలాక్సీ మీద ఓ మామూలు పేపర్ తీసుకుందాం. దాని మధ్యలోని భారీ కృష్ణబిలం నుంచి వెలువడే జెట్ సరిగ్గా మనవైపు తిరిగి ఉంది. అలాంటివాటిని బ్లేజార్లు అంటారు. పరిచయంలో రచయితలు 1992 నాటి పేపర్‌ను ప్రస్తావిస్తారు, ఈ గెలాక్సీ నుంచి టెరా (లక్ష కోట్ల) ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల గామా కిరణాలు వస్తున్నాయని అమెరికాలోని విపుల్ టెలిస్కోప్ బృందం చెప్పినది. రెండో భాగంలో ఫెర్మీ డేటా వాడాం అంటూ అట్‌వుడ్ 2009. చుట్టుపక్కల ఏయే మూలాలున్నాయో మోడల్‌లో పెట్టుకోవాలి కాబట్టి నాలుగో కేటలాగ్, అంటే అబ్దొల్లాహి 2020. అందులో 5,000కు పైగా మూలాలున్నాయి. దారిలో గెలాక్సీల కాంతి ఎంత గామాను మింగేసిందో సరిచేయడానికి ఇంకో పేపర్. సిగ్నల్ నిజమేనా అన్న లెక్కకు లీ, మా 1983. ఆ తర్వాతే అసలు చర్చ: జెట్‌లో ఏం జరుగుతోంది, ఎవరు ఏమన్నారు, ఎవరితో ఎక్కడ పేచీ.

ఈ ప్రస్తావనలన్నీ ఒకే జాతివి కావు. అట్‌వుడ్ పేపర్‌ను, కేటలాగ్‌ను ప్రస్తావించడం వాడిన పనిముట్టు పేరు చెప్పడం లాంటిదే. చాలామందికి ఆ కేటలాగ్ పేపర్‌ను మొదటి నుంచి చివరి వరకు చదవాల్సిన అవసరం రాదు. పట్టికలో తమకు కావాల్సిన వరుస దొరికితే చాలు. అందుకే ఈ రంగంలో సైటేషన్ల పట్టికలో పైన తిష్ఠ వేసినవి పరికరాల పేపర్లు, కేటలాగులు. చర్చ భాగంలో 'ఈ వాదన సరైనదే', 'ఈ మోడల్ మా డేటాకు కుదరలేదు' అంటూ వచ్చే ప్రస్తావనలు సంఖ్యలో తక్కువ. నా దృష్టిలో శాస్త్రం నడిచేది వాటితోనే. అయినా లెక్కలో రెండింటికీ విలువ ఒకటే.

లీ, మా పేపర్ దగ్గర కాసేపు ఆగాలి. బీజింగ్‌లోని హై ఎనర్జీ ఫిజిక్స్ సంస్థకు చెందిన ఇద్దరు రాసినది. ప్రశ్న చిన్నది. టెలిస్కోప్‌ను మూలం వైపు తిప్పితే 60 మెరుపులు నమోదయ్యాయి. ఏమీ లేని ఆకాశం వైపు, ఐదు రెట్లు ఎక్కువ విస్తీర్ణంలో చూస్తే 200 వచ్చాయి. అంటే మూలం ఉన్నచోట కూడా దానితో సంబంధం లేని మెరుపులు, అంటే నేపథ్యం, 40 ఉండాలి. అదనంగా ఉన్నది 20. ఇది నిజమైన సిగ్నలా, యాదృచ్ఛికమా? తేలిగ్గా చేసే లెక్క 20ని 40 వర్గమూలంతో భాగించడం. దాదాపు 3.2 సిగ్మా వస్తుంది (సిగ్మా ఎంత పెద్దదైతే అది యాదృచ్ఛికం కాదనే నమ్మకం అంత ఎక్కువ), 'సాక్ష్యం దొరికింది' అనుకుని సంబరపడొచ్చు. కానీ ఆ 40 కూడా కొలిచి తెచ్చిన అంకే కదా, దానికీ తడబాటు ఉంటుంది. దాన్ని కూడా లెక్కలోకి తెచ్చే సూత్రాన్ని లీ, మా తమ పేపర్‌లో 17వ సమీకరణంగా ఇచ్చారు. అదే 60ని, 200ని అందులో పెడితే 2.65 సిగ్మాకు దిగుతుంది. సంబరం కాస్త చల్లారుతుంది. నేల మీది గామా టెలిస్కోపుల పేపర్లలో 'లీ అండ్ మా, సమీకరణం 17' అన్న మాట ఎంత మామూలంటే, సమీకరణం నంబరుతో సహా కొత్త విద్యార్థులకు కంఠతా వచ్చేస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక పేపర్, నాలుగు దశాబ్దాలు దాటిన వాడకం. ఇలాంటి సైటేషన్‌ను ఇద్దరితో భాగించినా ఇంకా చాలా మిగులుతుంది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు చెందిన మైకేల్ హిల్లాస్ సంగతి మరీ విచిత్రం. కెమెరాలో పడిన చెరెన్‌కోవ్ మచ్చ పొడవు, వెడల్పు, దిశ చూసి అది గామా కిరణం వల్ల వచ్చిందా, కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్ లాంటి కణం) వల్ల వచ్చిందా అని విడదీసే పద్ధతిని ఆయన 1985లో ఒక సదస్సు సంపుటంలోని చిన్న పేపర్‌లో పెట్టారు. ఈ పద్ధతి తోడయ్యాకే విపుల్ బృందం 1989లో క్రాబ్ నెబ్యులాను 9 సిగ్మాతో పట్టుకోగలిగింది. ఆ 10 మీటర్ల టెలిస్కోప్ కట్టింది మాత్రం 1968లో. మధ్యలో గడిచింది 21 ఏళ్లు. 1980 ప్రాంతంలో ఎవరైనా ఆ బృంద నాయకుడు ట్రెవర్ వీక్స్‌ను 'మీ అవుట్‌పుట్ ఎంత?' అని అంకెల్లో అడిగి ఉంటే, ఈ శాఖ అక్కడే ఆగిపోయేదేమో. సదస్సు సంపుటాలను సరిగా లెక్కించని డేటాబేస్‌లో హిల్లాస్ పేపర్ విలువ ఇప్పటికీ తక్కువగానే కనబడుతుంది.

డేటాబేస్‌లు ఒక్కొక్కటి ఒక్కో మాట చెబుతాయి. ఖగోళశాస్త్రజ్ఞులు ఎక్కువగా చూసేది నాసా నిధులతో నడిచే ఏడీఎస్. కణభౌతికం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ చూస్తారు. గామా రంగం రెండింటి మధ్య ఉంది కాబట్టి ఒకే మనిషికి రెండుచోట్లా రెండు అంకెలు ఉంటాయి, గూగుల్ స్కాలర్‌లో మూడోది. దానికి తోడు జీసీఎన్ సర్క్యులర్లు. గామా విస్ఫోటం కనబడగానే 'మేం ఇక్కడ చూశాం, ఇంత వెలుగు ఉంది' అని బృందాలు గంటల్లోనే పంపుకునే చిన్న నోట్లు అవి. సమీక్షకులు చూడరు, ఒక్కోటి పది, ఇరవై వాక్యాలకు మించదు. వాటిని కూడా ఏడీఎస్ జాబితాలో చేరుస్తుంది. విస్ఫోటాల డ్యూటీలో ఉండే పరిశోధకుడి పేరు మీద అందుకే వందల ఎంట్రీలు కనిపిస్తాయి. 'రిఫరీడ్', అంటే సమీక్షకులు చూసినవి మాత్రమే, అన్న ఫిల్టర్ నొక్కితే జాబితా ఒక్కసారిగా చిక్కిపోతుంది. అలాగని ఆ నోట్లు పనికిరానివని కాదు. 2022 అక్టోబరు 9న కనిపించిన, అప్పటిదాకా నమోదైన వాటిలోకెల్లా ప్రకాశవంతమైన విస్ఫోటం విషయంలో ప్రపంచం పరుగులు తీసింది ఆ నోట్లను చూసే.

ఏడీఎస్‌లో ఇంకో మంచి అంకె ఉంది, జనం పెద్దగా చూడరు. దాన్ని నార్మలైజ్డ్ సైటేషన్లు అంటారు: ప్రతి పేపర్ సైటేషన్లను రచయితల సంఖ్యతో భాగించి కూడుతుంది. 150 మంది రాసిన పేపర్‌కు 1,000 సైటేషన్లు వస్తే ఒక్కొక్కరికి దక్కేది ఆరూ ముప్పావు కంటే తక్కువ. ఇద్దరు రాసినదానికి 100 వస్తే ఒక్కొక్కరికి 50. ప్రొఫైల్‌లో మొత్తాన్ని, ఈ నార్మలైజ్డ్ అంకెను పక్కపక్కన పెడితే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. ఇదీ పూర్తి న్యాయం కాదు. ఆ 150 మందిలో ఒకరు రెండేళ్లు రాత్రింబవళ్లు విశ్లేషణ చేసి ఉంటారు, అతనికీ అదే ఆరు దక్కుతుంది.

హెచ్-ఇండెక్స్‌కు కూడా ఇదే జబ్బు. 2005లో హోర్హే హిర్ష్ దీన్ని ప్రతిపాదించారు. కనీసం 20 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉంటే హెచ్ 20. అమెరికాలో భౌతికశాస్త్ర అధ్యాపకుడి ఉద్యోగం పర్మనెంట్ కావడానికి 12, పూర్తి ప్రొఫెసర్‌కు 18 ఉండొచ్చని ఆయనే ఒక అంచనా వేశారు. ఫెర్మీ తొలి సంవత్సరాల్లో లాట్ బృందం ఏటా పదుల సంఖ్యలో పేపర్లు వేసింది. వాటిలో చాలావాటికి సైటేషన్లు జోరుగా వచ్చిపడ్డాయి. రచయితల జాబితాలో చేరిన విద్యార్థి థీసిస్ ఇవ్వకముందే ఆ 18ని దాటేయగలిగేవాడు. ఆ సూచిక తీవ్రమైన చెడు ఫలితాలకు కూడా దారితీయగలదని హిర్ష్ తర్వాత తానే రాశారు.

ఎక్కువ ప్రస్తావనకు వచ్చింది కాబట్టి నిజమై ఉంటుందన్న భ్రమ కూడా ఉంది. 2012లో క్రిస్టోఫ్ వెనిగర్ ఒంటరిగా ఒక పేపర్ రాశారు. ఫెర్మీ డేటాలో మన గెలాక్సీ కేంద్రం వైపు 130 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సన్నని గీతలాంటి సిగ్నల్ కనబడుతోంది, కృష్ణపదార్థం నుంచి కావచ్చు అన్నారు. శీర్షికలోనే 'తాత్కాలికం' అనే జాగ్రత్త ఉంది. మామూలు లెక్కలో 4.6 సిగ్మా, ఎన్నో చోట్ల వెతికామన్న సంగతి కూడా కలుపుకుంటే 3.2 అని నిజాయితీగా రెండూ చెప్పారు. వెంటనే సిద్ధాంతాల వరద వచ్చింది, పేపర్‌కు వందల సైటేషన్లు పడ్డాయి. ఆ తర్వాత డేటా పెరిగేకొద్దీ, లాట్ బృందం విశ్లేషణను మెరుగుపరిచేకొద్దీ ఆ గీత కరిగిపోయింది. ఆ సైటేషన్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, పోవు కూడా. ఇది చెడ్డ పేపర్ అని నేను అనను. ఆ రంగం ఓ రెండేళ్లపాటు ఏ ప్రశ్న మీద తల బద్దలు కొట్టుకుందో ఆ సైటేషన్లు చెబుతాయి. అంతవరకు వాటి సాక్ష్యం సరైనదే.

దీనికి ఎదురుగా ఫెర్మీ బుడగల పేపర్ పెట్టాలి. నాసా నియమం ప్రకారం ఫెర్మీ డేటా తొలి ఏడాది తర్వాత అందరికీ తెరిచేశారు. లాట్ బృందంలో లేని ముగ్గురు, హార్వర్డ్‌లోని మెంగ్ సు, ట్రేసీ స్లేటియర్, డగ్లస్ ఫింక్‌బైనర్, ఆ బహిరంగ డేటాతో 2010లో మన గెలాక్సీ తలానికి పైన, కింద చెరో 25,000 కాంతి సంవత్సరాల మేర విస్తరించిన రెండు బ్రహ్మాండమైన గామా బుడగలను చూపించారు. ముగ్గురికీ 2014లో, అధిక శక్తి ఖగోళశాస్త్రంలో ఇచ్చే రోసీ బహుమతి వచ్చింది. ఆ పేపర్‌కు వచ్చిన సైటేషన్ దాదాపు పూర్తిగా ఆ ముగ్గురిదే. అయితే ఆ డేటాను పుట్టించిన వందల మంది పని లేకపోతే ఆ బుడగలూ లేవు. పేపర్ వాళ్ల పరికరాన్ని ప్రస్తావించింది, అంటే అట్‌వుడ్ 2009 ఖాతాలో ఇంకొకటి చేరింది. ఇప్పుడు ఆ పరికరం పేపర్‌కు ఉన్న సైటేషన్లను కాస్త మర్యాదగా చూడాలనిపిస్తుంది.

ఇదంతా మన యూనివర్సిటీల దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూద్దాం. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి లేదా ప్రధాన లేదా కరస్పాండింగ్ (పేపర్ గురించి సంప్రదించాల్సిన) రచయితకు పేపర్ విలువలో 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం అని ఉంది. 150 మంది ఉన్న గామా పేపర్‌కు దీన్ని వర్తింపజేస్తే ఒక 70, మిగతా 149 మందికి 30 చొప్పున, మొత్తం కూడితే 4,540 శాతం. ఒక పేపర్ నలభై ఐదు పేపర్లవుతుంది! ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనిని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది, దీని దగ్గరకు అక్షరక్రమం ఎప్పుడూ వచ్చి ఉండదు. పైన చెప్పిన టాప్ 2 శాతం జాబితా లెక్క కాస్త తెలివైనది, సహరచయితల సంఖ్యను బట్టి హెచ్-ఇండెక్స్‌ను సవరించుకుంటుంది. కానీ అందులోనూ మొదటి రచయితగా, చివరి రచయితగా వచ్చిన సైటేషన్లకు విడిగా మార్కులున్నాయి. చివరి పేరు ప్రయోగశాల పెద్దదని అందులోని ఊహ. గామా బృందాల పేపర్లలో చివరి పేరు 'జెడ్' అక్షరం ఉన్నవాళ్లది. 'ఎమ్' అక్షరం వాళ్లకు రెండు వైపులా నష్టమే.

అసలే అంకెల్లోకి రాని పని ఇంకొకటి ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తున, 2024 అక్టోబరు 4న ప్రారంభమైన మేస్ టెలిస్కోప్ అద్దం వ్యాసం 21 మీటర్లు, కెమెరాలో 1,088 పిక్సెళ్లు. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి దాన్ని తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. దాదాపు 180 టన్నుల ఆ నిర్మాణాన్ని గాలి పలచగా, చలి గడ్డకట్టించేలా ఉండే చోట కచ్చితంగా తిరిగేలా చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. గేర్లు, మోటార్లు, కేబుళ్ల మీద ఏళ్లు పనిచేసిన సాంకేతిక నిపుణుడి హెచ్-ఇండెక్స్ సున్నా అయి ఉండొచ్చు. పెద్ద బృందాలు అందరి పేర్లూ వేయడం వెనుక ఉన్న న్యాయం ఇదే: పరికరం కట్టినవాడికి కూడా విజ్ఞానంలో వాటా ఉండాలని. ఆ న్యాయం పేపర్ వరకు బాగానే ఉంటుంది. ఉద్యోగాల దరఖాస్తు ఫారంలోకి దిగేసరికే చిక్కులు మొదలవుతాయి.

మరి ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు ఏం చూడాలి? ఏడీఎస్ తెరిచి, రిఫరీడ్ ఫిల్టర్ పెట్టి, పదిలోపు రచయితలున్న పేపర్లు ముందు చదవాలి. పెద్ద పేపర్లలో మొదటి పేజీ అడుగున ఈ-మెయిల్ ఇచ్చి ఉన్న కరస్పాండింగ్ రచయితలు ఎవరో చూడాలి. హెస్, లాట్ పేపర్లలో ఆ ముగ్గురో నలుగురో అసలు విశ్లేషణ చేసి, రాసినవాళ్లు. బృంద నాయకుల సిఫార్సు లేఖల్లో ఎవరు ఏ పని చేశారో స్పష్టంగా ఉందా అని చూడాలి. ఆ పైన ఇంటర్వ్యూలో ఒక పేపర్ ముందు పెట్టి, 'ఇందులో ఏ గ్రాఫ్ మీరు వేశారు? ఎర్రర్ బార్లు ఎలా వచ్చాయి?' అని అడగాలి. కొలతలోని తడబాటును గ్రాఫ్‌లో చూపే గీతలు అవి. చేసినవాళ్లు ఆ ఎర్రర్ బార్ల గురించి ఆపకుండా అరగంట మాట్లాడతారు, కమిటీయే ఇక చాలని ఆపాల్సి వస్తుంది.